కప్పు పిడిలో తెల్లమచ్చ

మా ఆడబడుచు భర్త పనిచేసే కంపెనీ మూతపడ్డాక, ఆవిడ ఇంట్లోనే కాఫీగింజలు వేయించి, పొడి కొట్టించి అమ్మడం మొదలుపెట్టింది. నాలుగిళ్ళు పధ్నాలుగిళ్ళయ్యాయి. “పొట్లంమీద మనదంటూ ఓ గుర్తు ఉండాలి, వదినా” అంది. ఇంటరు చదివే కూతురు కంప్యూటరు ముందు కూర్చుని, ఇంక్‌స్కేప్‌లో పసుపుపచ్చని కప్పు, దానికో పిడి, పైన పొగ వేసింది. ముచ్చటగానే ఉంది. ప్రెస్సువారు దాన్ని ఆకుపచ్చని లేబులుమీద పెట్టి రెండువందలు అచ్చువేసి ఇచ్చారు. చూద్దును గదా, పిడి మధ్య వేలు దూర్చే చోట, కంట్లో పువ్వు వేసినట్లు తెల్లమచ్చ!

“తెరమీద అది ఖాళీగానే ఉందే, అత్తయ్యా!” అని పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ అచ్చంటే మళ్ళీ డబ్బు మరి.

తెలుపు వేరు, ఖాళీ వేరు. కొత్తగా బొమ్మలు వేసేవాళ్ళంతా పొరబడేది ఇక్కడే. వెక్టరు బొమ్మ అంటే రంగుకాగితాలు కత్తిరించి ఒకదానిమీద ఒకటి పేర్చడం వంటిది. మా పిల్ల పిడికోసం పసుపుపచ్చని కోడిగుడ్డు ఆకారం గీసి, దానిమీద చిన్న తెల్లగుడ్డు పెట్టింది. తెల్లని తెరమీద అది కన్నంలాగే కనిపించింది, పాపం!

మొదట తెల్లగుడ్డును పట్టుకుని ఒపాసిటీ సున్న చేసింది. తెలుపు పోయింది, కింది పసుపు బయటపడి పిడి కాస్తా మూసుకుపోయింది. మూత తీస్తే గిన్నెకు చిల్లి పడుతుందా? చిల్లి కావాలంటే కింది ముక్కనే కోయాలి.

కోసే ముక్క పైన, కోయించుకునే ముక్క కింద ఉండాలి. కిందుంటే హోమ్ మీట నొక్కితే పైకి వస్తుంది. బొమ్మంతా ఒక గుంపుగా కట్టి ఉంటే ముందు అన్‌గ్రూప్ చేయాలి. తరువాత షిఫ్ట్ నొక్కిపట్టి రెండు ముక్కలనూ ఎంచుకుని, పాత్ మెనూలో డిఫరెన్స్ అనాలి. తెల్లగుడ్డు మాయమై, పసుపుగుడ్డుకు నిజమైన కన్నం పడుతుంది. అరిసెలపిండిలో గిన్నె అంచు గుచ్చి తీసినట్లే. నమ్మకం చాలకపోతే అన్నిటికన్నా కిందుగా ఒక ఎర్రని చతురస్రం పరచి చూడండి. కన్నంలోంచి ఎరుపు కనిపిస్తే పని అయినట్లే. ఆ చతురస్రాన్ని మాత్రం తీసేయడం మరువకండి సుమా! నేను మరిచాను.

పొగ సంగతి వేరు. దాన్ని కోయనక్కరలేదు, పైకి పోయేకొద్దీ పలచబడితే చాలు. గ్రేడియెంటు వేసి, పైకొనలో ఆల్ఫా సున్న చేస్తే సరి.

ఇంతా చేసి, పిల్ల బొమ్మను జేపెగ్‌గా దాచబోయింది. చెయ్యి పట్టుకున్నాను. జేపెగ్‌కు పారదర్శకత తెలియదు. కన్నాన్ని ఏదో ఒక రంగుతో పూడ్చేస్తుంది. పీఎన్‌జీగా తీసుకోవాలి. దాన్నయినా వాట్సాప్‌లో ఫోటోగా పంపితే దారిలో జేపెగ్ అయి కూర్చుంటుంది, కనుక డాక్యుమెంటుగా పంపాలి. అచ్చుకయితే ఎస్‌వీజీనో పీడీఎఫ్‌నో ఇవ్వడం ఇంకా మేలు. ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

ఈసారి రెండువందలు వేయించేముందు ఒక్కటే అచ్చు తీయించి చూశారు. పిడిలోంచి ఆకుపచ్చ నిగనిగలాడుతూ కనిపించింది. పాత లేబుళ్ళు పారేయడానికి మా ఆడబడుచుకు చేతులు రాలేదు. వెనకవైపు పాలలెక్క రాసుకుంటోంది.