తృప్తి జీతం కాదు

సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులు సృష్టించింది. మంచిదే. కానీ అవన్నీ తరగతి గదికే. మైదానంలో దివ్యాంగ పిల్లల బాధ్యత ఇప్పటికే ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ)దేనట! శిక్షణేది, పరికరాలేవి అంటే, ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవ వేదికలెక్కే పెద్దల దగ్గర జవాబు సిద్ధం: ఈ పిల్లల్ని ఆడించడంలోని తృప్తి ఎంత జీతమిచ్చినా రాదని.

ఇంతకు మించిన వంచన లేదు. పొగిడితే తృప్తి పుట్టదు, పని సాగితే పుడుతుంది. అనంతపురం పల్లె బడులకు వెళ్లి చూడండి. ఎర్రమట్టి, గులకరాళ్ల మైదానంలో చక్రాల కుర్చీ పది గజాలకే మొరాయిస్తుంది. పీఈటీ ఈల వేస్తే వినికిడి లేని పిల్లవాడు ఆగడు. చూపు లేని అమ్మాయికి గలగలలాడే బంతి కావాలి, బీరువాలో అది ఉండదు. చివరికి ఆ పిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడమే మిగులుతుంది. రోజూ అది చూసి ఇంటికెళ్లే మాస్టారికి కలిగేది తృప్తా, మనస్తాపమా? సిమెంటు ఇవ్వకుండా వంతెన కట్టి ఆనందించమని ఏ ఇంజినీరుకైనా చెబుతామా?

అసలు గుట్టు వేరే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 16వ సెక్షన్ ఈ పిల్లలకు ఆటల్లో సమాన అవకాశమివ్వాలంటోంది. హక్కుకు ‘సేవ’ అని పేరు పెడితే నిధులు అడిగేవారుండరు. దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లను (ఐఈఆర్టీలు) ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉంచిందీ ఈ తీపి మాటే.

2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం నెగ్గిన దీప్తి జీవాంజి పరుగును ముందుగా పసిగట్టింది వరంగల్ జిల్లా కల్లెడ బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టు సారథి దీపికది ఉమ్మడి అనంతపురంలోని అమరాపురం మండలం. ఆమె అడిగితే ఊరికి రోడ్డు మంజూరైంది. సంతోషం. కప్పు వచ్చాక వేసే రోడ్డు సరే, కప్పు దాకా నడిపించే మాస్టారి మాటేమిటి?

బడికి ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ప్రతిచోటా ఒక నిపుణుణ్ని పెట్టలేమన్న వాదన న్యాయమైనదే. అయితే మండలానికొకరిని నియమించండి. ఉన్న పీఈటీలకు శిక్షణ, బడికి ఆట సామగ్రి, ఐఈఆర్టీలకు ఉద్యోగ భద్రత ఇవ్వండి. ఆ తరవాత తృప్తి గురించి ఉపాధ్యాయులే చెబుతారు. అప్పటిదాకా పాలకులు ఆ మాట ఎత్తకపోవడమే మర్యాద.