పట్టా చేతికొచ్చాక

నాందేడ్ మనకు పొరుగూరే. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ వైపు వెళితే ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయం 1994 సెప్టెంబరు 17న మొదలైంది. నిజాంను ఎదిరించిన స్వామి రామానంద తీర్థ పేరు పెట్టారు.

అదే ఏడాది జనవరిలో ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు చేరింది. శాసనసభ 1978లోనే తీర్మానించినా, అమలుకు అన్నేళ్లు పట్టింది. ఈలోగా ఎన్నో దళితవాడలు తగలబడ్డాయి. నాందేడ్ జిల్లా టెంబుర్ణిలో పోచిరాం కాంబ్లేను చంపేశారు. 1993 నవంబరులో నాందేడ్‌లోనే గౌతమ్ వాఘమారే ఒంటికి నిప్పంటించుకున్నాడు. గేటు మీది పేరుకే ఇంత మూల్యం చెల్లించిన నేల అది. మరి లోపల తరగతి గదిలో పాఠం చెప్పే ఉద్యోగం మాటేమిటి?

పీజీ ముగించి, నెట్టో సెట్టో గట్టెక్కిన పిల్లలకు అక్కడ మొదట దొరికేది ‘సి.హెచ్.బి.’ పని, అంటే గంటల లెక్కన జీతం. పాఠం చెప్పిన గంటకే డబ్బు, సెలవులకు పైసా రాదు. మన డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్లకు ఈ బతుకు కొత్తగా చెప్పాలా! పర్మనెంట్ పోస్టు కోసం ఎదురుచూస్తూనే వయసు గడిచిపోతుంది. యాజమాన్యాలు లక్షలు అడుగుతాయన్న మాట అభ్యర్థుల నోట వినపడుతూనే ఉంటుంది.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లో. కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన బిడ్డకు కుల ధ్రువీకరణ, రోస్టర్, డెమో క్లాసు సంగతులు ఎవరు చెప్పాలి? లెక్చరర్ల ఇళ్లలో పుట్టినవారికి ఇవి అన్నం తింటూ చెవిన పడతాయి. తేడా తెలివిలో లేదు.

మన క్రైస్తవ పిల్లలకు మరో మెలిక ఉంది. 1990లో బౌద్ధులైన దళితులకు ఎస్సీ హోదా దక్కింది. క్రైస్తవులైన దళితులకు నేటికీ లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో వారు బీసీ-సి, వాటా 1 శాతం. అయినా ఈ పని మన సంఘపు పిల్లలకే అని గిరి గీసుకోవడం మాకు సమ్మతం కాదు. మహార్, మాంగ్, మాల, మాదిగ, లంబాడా ఎవరు వచ్చినా తలుపు తెరవాలి.

అమెరికాలో నల్లజాతి పరిశోధక విద్యార్థులను కమ్యూనిటీ కాలేజీల ఉద్యోగాల వైపు సీనియర్ అధ్యాపకులు వెంట ఉండి నడిపించే ప్రయత్నాలున్నాయి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం ఎలా చెప్పాలో చూపిస్తారు. మన దగ్గర రిటైరైన లెక్చరర్లు తక్కువేం లేరు. ఆదివారం ఆరాధన ముగిశాక ఒక గంట చాలు. దీనితో ఖాళీలు భర్తీ అవుతాయని మేం అనడం లేదు. అది ప్రభుత్వం చేయాల్సిన పని, దానికోసం వీధిలో అడుగుతూనే ఉండాలి. కానీ ప్రకటన వెలువడిన నాటికి మన పిల్లల కాగితాలు సిద్ధంగా లేకపోతే ఆ తప్పు ప్రభుత్వానిది కాదు.

ఈ నెలలో ఒక్క విద్యార్థినైనా ఇంటికి పిలిచి, అతని దరఖాస్తు చదివి పెట్టండి. ఇంకో రోజు అతని డెమో పాఠం వినండి.