తాళము సరే, చెవి యెక్కడ?

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున వేట నిషిద్ధమగుటచే, నెల్లూరు జిల్లాలో మైపాడు మొదలు తుమ్మలపెంట వరకు గల పట్టపుపాలెములలో పడవలు ఇసుకమీదికి చేరియుండగా, వలలు బాగుచేసికొనుచు కూర్చున్న జాలరియొద్దకు గ్రామ సచివాలయపు ఉద్యోగి వచ్చి, పడవ సంఖ్యను, ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను వ్రాసికొని పోవుట ఏటేట జరుగు పనియే. ఈ 61 దినముల వేట నిషేధ భృతికై ఆ కుటుంబము తన గుట్టునంతయు ప్రభుత్వము చేతిలో పెట్టుచున్నది. ఆ జాబితా నిలిచిన ల్యాప్‌టాపు పోయిననాడు ఏమగునని ఆ జాలరి యడుగడు, మనమైన నడుగవలదా?

పోవుట అసంభవమని తలపరాదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు న్యాయస్థానముననే దొంగలు పడి, ఒక కేసుకు సంబంధించిన పత్రములను, పరికరములను ఎత్తుకొనిపోగా, ఆ విచారణ కడకు సి.బి.ఐ.కి చేరినది. పోయిన వస్తువును గూఢలిపి తెచ్చి యీయజాలదు. దొంగ దానిని చదువకుండ మాత్రము చేయగలదు. డిస్కులోని ఫైళ్ళను, తాళపుచెవి లేనివానికి అర్థము లేని అంకెల కుప్పగా మార్చుటయే మనము ఎన్‌క్రిప్షన్ అనుచున్న ఈ గూఢలిపి పని. ఇదియే డిస్కునకు వేయు తాళము.

ఆ తాళము గట్టిదని యెవరు చెప్పవలెను? అమెరికా 2001లో ఏ.ఇ.ఎస్. పద్ధతిని ప్రమాణముగా ప్రకటించి, 2010లో దానిని డిస్కులకు వర్తింపజేయు ఎక్స్.టి.ఎస్. విధమును ఆమోదించినది, అంతేగాక, తాళము చేసినవాని మాటను నమ్మక, తన ప్రభుత్వ కార్యాలయములు వాడు ప్రతి గూఢలిపి సాధనమును స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షింపవలెనని ఫిప్స్ 140 నియమముచే విధించినది. మన టెండరుదారులు డిజిటల్ సంతకమునకై కంప్యూటరుకు గ్రుచ్చు చిన్న టోకెనుకు సైతము ఆ పరీక్షలో నెగ్గిన ముద్రయే కావలెను. ఆ క్రమశిక్షణ అనుసరణీయము.

అయినను ముద్ర యున్నంతనే భద్రత యున్నదనుకొనరాదు. లినక్స్ యంత్రముల డిస్కులకు వేయు లక్స్ తాళము, సంకేతపదమునుండి చెవిని తీయుటకు నేడు సాధారణముగా ఆర్గాన్2 పద్ధతిని వాడును. అది కంప్యూటరు మెమరీని విశేషముగా కోరుటచే, లక్షల పదములను వరుసగా వేసిచూచి తెరువజూచు చోరునికి పెద్ద ప్రతిబంధకము. కాని అమెరికా ఆమోదించినది పాతదగు పి.బి.కె.డి.ఎఫ్.2 గనుక, ప్రమాణమునకు లోబడువాడు ఈ యొక్క విషయమున బలహీనమైనదానినే యెంచుకొనవలసివచ్చుచున్నది.

మన సమాచార సాంకేతిక చట్టపు 84ఏ సెక్షను, గూఢలిపి పద్ధతులను నిర్ణయించు అధికారమును కేంద్రమునకిచ్చియే యున్నది. ఆ అధికారముతో వెలువడిన 2015 సెప్టెంబరునాటి ముసాయిదా, పౌరుడు తన సందేశముల అసలు ప్రతిని 90 దినములు దాచి, అడిగినపుడు చూపవలెనని శాసింపబూని, నిరసనల నడుమ కొలదిదినములలోనే వెనుకకు పోయినది. తాళము వేయుమని చెప్పుచునే తలుపు తెరచియుంచుమన్నట్లున్నది ఆ ముసాయిదా! ఆధార్ సంఖ్యలకు 2017లో ప్రత్యేక ఖజానాను, దాని చెవులకు వేరు యంత్రమును విధించిరి, మంచిదే. కాని ఆ ఖజానాకు వెలుపల ల్యాప్‌టాపులలో నిలుచు నకళ్ళ మాట యేమి?

కావున ప్రభుత్వ డిస్కులన్నిటికిని పరీక్షింపబడిన తాళము తప్పనిసరి కావలెను. మేలైన కొత్త పద్ధతులను మన ప్రయోగశాలలే పరీక్షించి స్వీకరింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా చెవి తాళమునకు దూరముగ నుండవలెను. సంకేతపదమును కాగితముపై వ్రాసి తెరకంటించిన బల్లయొద్ద ఏ ముద్రయు నిలువదు. అది దొంగ చేతికి తాళములిచ్చుటయే. వచ్చు ఏప్రిల్ 15 నాటికైనను, పాలెమునకు వచ్చు ల్యాప్‌టాపుకు తాళమును, ఆ తాళపుచెవికి వేరొక కావలిని ఏర్పరచినచో ప్రమాణమను మాటకు అర్థము కలుగును.