ఎదురుగా కూర్చుని చూద్దాం

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత రైతు మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. కొందరికి చదవడం, రాయడం రాదు. అయినా వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టాల మీద డాక్యుమెంటరీలు తీశారు. కోణాలకు పేర్లూ వాళ్ళే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే 'పటేల్ షాట్', ఎదుటి మనిషి కళ్ళకు సమంగా పెడితే 'సంఘం షాట్'.

ఇంజినీరింగ్ చదివిన నేను మాత్రం మా ఊళ్ళో నాట్లు వేసేవాళ్ళను గట్టు మీద నిలబడే వీడియో తీశాను. "వీళ్ళ పేర్లేంటి నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే జవాబు లేదు.

మన బడిలో ఏడాదికొక్కసారైనా ఇలాంటి చిత్రం చూపిద్దాం. పిల్లలూ, ఈసారి ఇండియా వెళ్తే కెమెరా తీసేముందు ఎదురుగా కూర్చోండి. పేరు అడగండి. మీరు నేర్చుకునే తెలుగు అందుకే కదా!