1936 కాగడాకు అమాయకత్వం అంటగట్టొద్దు

బెర్లిన్ ఒలింపిక్స్ కాగడా వేలానికి వచ్చినప్పుడల్లా ఒకే వాదన వినిపిస్తుంది: ఇది ప్రాచీన గ్రీకు సంప్రదాయం, శాంతికి గుర్తు; హిట్లర్ పాపం దీనికి చుట్టొద్దు, ఆటల్లోకి రాజకీయాలు లాగొద్దు. పాత వస్తువులు సేకరించేవాళ్లే కాదు, క్రీడాభిమానులు చాలామంది ఇదే నమ్ముతారు. అది తప్పని ఆ కాగడా మీద చెక్కిన అక్షరాలే చెబుతాయి.

ముందు సంప్రదాయం సంగతి. ప్రాచీన ఏథెన్స్‌లో దేవతల పండుగలకు కాగడా పరుగులు ఉండేవి. ఒలింపియాలో నిప్పు రాజేసి పరాయి దేశాలకు మోసుకెళ్లే ఆచారం మాత్రం లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒలింపిక్ జ్యోతి వెలిగింది గానీ, దానికోసం ఎవరూ పరుగెత్తలేదు. ఒలింపియా నుంచి బెర్లిన్‌కు సాగిన కాగడా పరుగును నడిపించింది 1936 క్రీడల నిర్వాహకుడు కార్ల్ డీమ్. దానికి ఊరూరా హంగు కట్టింది గోబెల్స్ ప్రచార శాఖ. యూదుల పౌరసత్వాన్ని లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఇక కాగడాను దగ్గరగా చూడండి. సుమారు 27 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ పిడి. దాని మీద ఒలింపిక్ వలయాలు, జర్మన్ గద్ద, మోసినవారికి కృతజ్ఞతలు, ఒలింపియా నుంచి బెర్లిన్ దాకా దారి, స్టీలు ఇచ్చిన క్రుప్ కంపెనీ పేరు. జర్మన్ సైన్యానికి ఫిరంగులు చేసిన క్రుప్ అదే. యుద్ధకాలంలో బందీలతో వెట్టిచాకిరీ చేయించినందుకు ఆల్ఫ్రీడ్ క్రుప్‌కు 1948లో న్యూరెంబర్గ్‌లో శిక్ష పడింది. ఆ పరుగు దారిలోని దేశాల్లో ఆస్ట్రియాను 1938లో, చెకోస్లోవేకియాలోని ప్రాగ్‌ను 1939లో, యుగోస్లావియా, గ్రీస్‌లను 1941లో జర్మన్ సైన్యం ఆక్రమించింది. హంగరీ, బల్గేరియా హిట్లర్ పక్షం చేరాయి. పరుగు దారే దండయాత్రకు పథకమని నేననను. కానీ జ్యోతి వియన్నా చేరిన రోజున అక్కడి నాజీలు దాన్ని తమ బలప్రదర్శనగా మార్చుకున్నారు.

"పరుగెత్తిన కుర్రాళ్ల తప్పేముంది?" అంటారు. ఏమీ లేదు. తలా ఓ కిలోమీటరు చొప్పున మూడు వేలమందికి పైగా పరుగెత్తారు; వాళ్ల చెమట నిజం. ఆ చెమటతో నిర్వాహకుల మరక కడిగేయాలని చూడటమే వాళ్లకు చేసే అన్యాయం.

ఈ కాగడాను కరిగించమనో దాచేయమనో కాదు నా మాట. కొనండి, మ్యూజియంలో పెట్టండి. పక్కనున్న పలక మీద ఆ గద్ద గురించి, క్రుప్ గురించి, ఆ దేశాలకు పట్టిన గతి గురించి కూడా రాయండి. ఆటల్లోకి రాజకీయాలు లాగొద్దన్న హితవు 1936లో ఈ కాగడాను చేయించినవాళ్లకు చెప్పాల్సింది. దాని మీద ఉన్నది ఉన్నట్టు చదివేవాళ్లకు కాదు.