మన ఓడ పేరు ట్రూరో

నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండు నుంచి అమెరికాకు ఒక ఓడ వెళ్ళింది. దాని పేరు మేఫ్లవర్. 1620 సెప్టెంబరులో 102 మందితో ప్లిమత్ రేవు నుంచి బయలుదేరి, 66 రోజులు సముద్రం మీద నలిగి, నవంబరులో కేప్ కాడ్ తీరం చేరింది. వారిలో కొందరు రాజుగారి చర్చి మాకొద్దు, మా దేవుణ్ణి మా పద్ధతిలో కొలుచుకుంటాం అని ఇల్లూ వాకిలీ వదిలినవారు. మిగిలినవారు బతుకుతెరువు కోసం ఎక్కినవారు. మొదటి చలికాలంలోనే దాదాపు సగం మంది చనిపోయారు. అయినా ఆ జాబితా నిలిచింది. ఆ వంశాల వారు 1897లో ఒక సంఘమే పెట్టుకున్నారు. మా పూర్వీకుడు మేఫ్లవర్‌లో వచ్చాడు అని చెప్పుకోవడం అక్కడ ఇప్పటికీ గొప్ప.

పీజీ తరగతిలో ఈ పాఠం విన్న రోజు, హాస్టళ్ళ నుంచి వచ్చిన మేము నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకు తాత పేరు తెలుసు. ముత్తాత పేరు అడిగితే నాయనమ్మ కూడా కాసేపు ఆలోచిస్తుంది. పొలం ఉన్నవాడి పేరు అడంగల్‌లో ఉంటుంది. గుడికి దానమిచ్చినవాడి పేరు రాతి మీద ఉంటుంది. ఊడ్పులకూ కోతలకూ వెళ్ళినవాడి పేరు ఎక్కడుంటుంది?

ఒక చోట ఉందని తరువాత తెలిసింది. అది కూడా ఓడ జాబితాలోనే.

మన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, మాగాణి పెరిగింది. కాని సెంటు భూమి లేనివాడికి కాలువ వచ్చినా కూలే, రాకపోయినా కూలే. అది పూర్తయిన ఐదేళ్ళకు, 1860 అక్టోబరులో, మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయలుదేరింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద కూలీలను తీసుకువెళ్ళిన మొదటి ఓడ అదే. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. 1911 వరకు ఇలా నేటాల్‌కు వెళ్ళినవారు సుమారు 1,52,000 మంది. ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవారే. వారిలో తమిళులతో పాటు మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. అన్ని కులాల వారూ, ముస్లింలూ, క్రైస్తవులూ ఉన్నారు. ఊళ్ళో ఒక బావి నీళ్ళు తాగనివ్వని వారంతా ఓడలో ఒకే పీపా నీళ్ళు తాగారు.

ఈ ఓడల్లో ఎక్కిన ప్రతి మనిషికీ గుమస్తా ఒక నంబరు ఇచ్చాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ రాశాడు. గౌరవించి రాయలేదు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాశాడు. కాని ఈనాడు వారి మునిమనవలు తమ ఊరు ఏదో తెలుసుకోవాలంటే ఆ కాగితాలే దిక్కు. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడుకోవడానికి పాటుపడ్డారు. నవంబరు 16ను భారత సంతతి వారు ఏటా తలుచుకుంటారు. 2010లో 150 ఏళ్ళ పండుగ చేసుకున్నారు. కూలి ఓడ అని సిగ్గుపడలేదు.

మరి మనం? ఈ హాస్టల్లో చదివి పైకి వచ్చిన అన్నలు కొందరు బయట ఆ మాట చెప్పరు. మేమూ తప్పు చేశాం. పీజీలో చేరిన మొదటి వారం, ఇంటర్ దాకా ఎక్కడున్నావని అడిగితే విజయవాడలో రూములో ఉన్నామని చెప్పాం. ట్రంకు పెట్టె, స్టీలు కంచం పట్టుకుని నాన్న వెంట ఈ గేటులోకి వచ్చిన రోజును దాచేశాం.

వార్డెన్ గారి బల్ల మీద ఉండే అడ్మిషన్ రిజిస్టరును ఒకసారి గుర్తు చేసుకోండి. నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, పుట్టుమచ్చలు. అదీ ఓడ జాబితాయే. కులం గడి ఉన్న పుస్తకాన్ని చూసి గర్వపడాలా అని ఒక మిత్రుడు అడిగాడు. గర్వం ఆ గడిని చూసి కాదు. మా ఇళ్ళలో చదువు కోసం ఊరు దాటిన మొదటి మనిషి పేరు అందులోనే ఉంది, అందుకు.

అందుకే ఈ వార్షికోత్సవానికి మా మాట ఒకటే. పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే పూర్వ విద్యార్థులమంతా కలిసి ఒక పేర్ల పుస్తకం తయారు చేద్దాం. ఉద్యోగాలు వచ్చినవారి పేర్లే కాదు. ఏడో తరగతిలో జ్వరమొచ్చి ఇంటికెళ్ళి తిరిగి రానివాడు, కోతల కాలంలో వెళ్ళి పనిలో ఉండిపోయినవాడు, అందరి పేర్లూ ఉండాలి. మేఫ్లవర్ జాబితాలో మొదటి చలికాలానికే పోయినవారి పేర్లు కూడా ఉన్నాయి. ఆ తీరంలో అంతకుముందు నుంచీ ఉండి, వచ్చినవారికి మొక్కజొన్న వేయడం నేర్పిన వాంపనోగ్ ప్రజల పేర్లే ఏ జాబితాకూ ఎక్కలేదు. ఎవరి పేరు రాస్తామో, ఎవరిది వదిలేస్తామో చూసుకోవాలి.

ట్రూరో మనవాళ్ళను కూలికి తీసుకువెళ్ళింది. 1913లో అంబేద్కర్ గారు బరోడా స్కాలర్‌షిప్‌తో ఓడ ఎక్కి న్యూయార్క్ వెళ్ళింది చదువుకు. మన హాస్టల్ ఈ రెండో ఓడ లాంటిది. తమ్ముళ్ళారా, రేపు ఎవరైనా ఎక్కడ చదివావని అడిగితే రూములో అనకండి. హాస్టల్లో అని చెప్పండి. మేమూ ఇక అదే చెబుతాం.