సేవా సంస్థకు సారథి ఒక్కరేనా?
108 అనుభవంలో గ్రామ సంఘాలకు గుణపాఠం

మార్టూరు: మార్టూరు మీదుగా సాగే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ప్రమాదం సంభవిస్తే ఎవరైనా ముందుగా నొక్కే అంకెలు 108. ఆ సేవను తొలినాళ్లలో నడిపినది లాభాపేక్ష లేని సంస్థ అని, దాని పాలకమండలి 2009లో కఠిన పరీక్షను ఎదుర్కొన్నదని గుర్తున్నవారు తక్కువే. ఊరూరా ట్రస్టులు, విద్యా కమిటీలు వెలుస్తున్న తరుణంలో ఆ ఉదంతం పునఃపరిశీలించదగినది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవను ప్రారంభించిన ఈఎంఆర్‌ఐకి సత్యం కంప్యూటర్స్ అధినేత బి.రామలింగరాజు అధ్యక్షులు. కంపెనీ లెక్కలను వేల కోట్ల రూపాయల మేర తారుమారు చేసినట్లు 2009 జనవరి 7న ఆయనే లేఖ ద్వారా అంగీకరించారు. దోషం కంపెనీ లెక్కలదే అయినా, అనుమానపు నీడ అంబులెన్స్‌పైనా పడింది. అప్పటికే నిర్వహణ వ్యయంలో సింహభాగాన్ని ఒప్పందం ప్రకారం ప్రభుత్వమే భరిస్తున్నందున సేవ ఆగలేదు. అదే ఏడాది జీవీకే గ్రూపు సారథ్యం స్వీకరించింది. నేడు రాష్ట్రంలో నిర్వహణ చేతులు మారినా వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి.

గ్రామ సంఘాలకు అటువంటి దన్ను ఎక్కడిది? వ్యవస్థాపకుడి పేరే వాటికి పెట్టుబడి. ఆ పేరుకు మచ్చ వస్తే చందా పుస్తకం మూతపడుతుంది.

చట్టంలో లోటు లేదు. 1860 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘ స్థాపనకు కనీసం ఏడుగురు ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, 15 రోజుల్లోగా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఏడుగురూ నిజంగా ఒకచోట కూర్చుంటున్నారా, లేక మినిట్సు పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసుకొస్తున్నదా అన్నదే అసలు ప్రశ్న. కార్యదర్శి బావమరిది దుకాణంలో సిమెంటు కొనడం నేరం కాకపోవచ్చు. ఆ బంధుత్వాన్ని సమావేశంలో వెల్లడించకుండా, బిల్లు ఆమోదానికి ఆ కార్యదర్శే చేయెత్తడం మాత్రం దాతలకు ద్రోహమే. అధ్యక్షుల వారు ‘పెద్దమనిషి’ అన్న మొహమాటంతో మిగతావారు మౌనం వహించడం మన పల్లెల్లో పాత జబ్బు.

పత్తి, మిర్చి సొమ్ము చేతికందే మాసాల్లో చందాలకు వచ్చేవారికి లోటుండదు. రశీదుతో పాటు గత ఏడాది జమాఖర్చుల నకలు కూడా అడిగి తీసుకునే హక్కును దాతలు అలవాటుగా మార్చుకోవలసి ఉంది. కార్యవర్గంలో వివాదం ముదిరితే మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లేందుకు అదే చట్టం సభ్యులకు వీలు కల్పించింది. అయితే తీర్పు వచ్చేలోగా సంఘం బ్యాంకు ఖాతా స్తంభిస్తే, బడి పంతులు జీతం ఆగేది ఆ నెల నుంచే.